ఊపిరాడని ప్యానెల్

పోయినవారం చప్పట్లమ్మని స్టూలు మీద నిలబెట్టి వదిలేశాం కదా, ఇంకా అక్కడే ఉంది పాపం, చేతిలో పగిలిన బెలూన్ ముక్క, రెండో చేతిలో ఫోను, మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆమెకి ఆ పేరు పెట్టింది ఆ తరగతి పిల్లలే. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ఒక్క చప్పట కొట్టి, తల కాస్త పక్కకి వంచి, ఆ చప్పుడు ఎంతసేపు తిరుగుతుందో వినడం ఆమె అలవాటు. ఆ ప్రతిధ్వనిని తగ్గించడమే ఆమె పని. చెక్క చట్రంలో రాతి దూది పలక, అంటే రాయి కరిగించి తీసిన పీచు పలక, కూర్చి, పైన గుడ్డ తొడిగి, గోడకి తగిలిస్తుంది, ప్యానెల్ అంటారు దాన్ని. మాట వెళ్ళి దానికి తగిలితే మళ్ళీ తిరిగి రాదు, ఆ దూదిలోనే ఇంకిపోతుంది.

ఈ గదిలో పదకొండు మంది పిల్లలు చదువుతారు. పదకొండు మందికీ చెవి వెనక వినికిడి యంత్రాలు. పాఠం చెప్పే టీచరమ్మకి కూడా రెండు చెవులకీ ఉన్నాయి. గచ్చు నేల, సున్నం గోడలు, ఎత్తు కప్పు. టీచరమ్మ ఒక మాట అంటే అది నాలుగు గోడలూ చుట్టి వచ్చి తర్వాతి మాట నెత్తిన కూర్చుంటుంది. మనలాంటి వాళ్ళం సర్దుకుంటాం. యంత్రానికి ఆ సర్దుబాటు తెలీదు, అసలు మాటనీ తిరిగొచ్చిన మాటనీ ఒకేలా పెంచి చెవిలో పోస్తుంది. ముందు బెంచీ పాప ఒకసారి చెప్పింది, "టీచర్ ఒక్కరే కానీ నలుగురు మాట్లాడుతున్నట్టు ఉంటుంది" అని.

ఇరవై నాలుగు ప్యానెళ్ళు తగిలించింది చప్పట్లమ్మ. తగిలించక ముందు బెలూన్ పగలగొడితే ఆ చప్పుడు గదిలో ఒకటిన్నర సెకను తిరిగింది. తగిలించాక అర సెకను లోపు అణిగిపోవాలి. కానీ ఫోనులో అంకె ఒకటీ పాయింట్ మూడు దగ్గర నవ్వుతూ కూర్చుంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. నాలుగో బెలూనుతో ప్యాకెట్టు ఖాళీ.

రేపు పొద్దున్న పదింటికి బడుల తనిఖీ కమిటీ వస్తుంది, కొలిచే పరికరం పట్టుకుని. అర సెకను దాటితే ఈ తరగతే ఉండదు. పదకొండు మందినీ విడగొట్టి మామూలు తరగతుల్లో వెనక బెంచీల్లో సర్దేస్తారు. ఆ సంగతి వాళ్ళు ముందే కాగితం మీద పెట్టి మరీ చెప్పారు.

అదీ పోయినవారం దాకా. ఇక పదండి.

చప్పట్లమ్మ స్టూలు దిగింది. కిటికీ పక్కనున్న ప్యానెల్‌ని రెండు చేతులా ఎత్తి కొక్కెం నుంచి తప్పించి బల్లమీద పడుకోబెట్టింది. దూది తడిసిందా, పలుచని పలక వేశానా, గోడకీ దీనికీ మధ్య ఖాళీ చాల్లేదా, ఇలా తప్పంతా తన నెత్తినే వేసుకుంటూ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. చివరికి ఏమీ తోచక వంగి, గుడ్డకి పెదాలు ఆనించి గట్టిగా ఊదింది.

ఈ పనిలో గుడ్డకి పెట్టే పరీక్ష ఇదొక్కటే. నోటికి ఆనించి ఊదితే ఊపిరి అవతలికి పోవాలి. గాలి దూరే గుడ్డలోంచి శబ్దం కూడా దూరి లోపలి దూదిని చేరుతుంది. గాలి దూరకపోతే ఎంత అందమైన గుడ్డైనా అది గోడతో సమానం.

ఊపిరి తిరిగొచ్చి ఆమె మొహానికే కొట్టింది. వెచ్చగా.

ఇంకో చోట ఊదింది. అక్కడా అంతే. అదెలా కుదురుతుంది? ఈ గుడ్డ థాను మొత్తాన్నీ ఆమె కొట్లో ఊది చూసే కొంది. తయారైన ప్యానెళ్ళని మాత్రం ఊదలేదు. ఎందుకు ఊదుతుంది? గుడ్డ తొడిగి, వెనక నల్లగుడ్డ మూసి, పిన్నులు కొట్టింది అక్క. సొంత అక్క చేతి పనిని కూడా పరీక్ష పెడతామా ఎవరమైనా?

ప్యానెల్‌ని బోర్లించి, పట్టకారుతో పిన్నులు ఒక్కొక్కటే పీకింది. నల్లగుడ్డ లేచింది. రాతి దూది తను కూర్చినట్టే ఉంది, నలుమూలలా నిండుగా, ఎక్కడా కుంగలేదు. దాన్ని మెల్లగా పైకి ఎత్తింది.

కింద, గుడ్డకీ దూదికీ మధ్య, మందపాటి ప్లాస్టిక్ షీటు. భోజనాల బల్ల మీద పరుస్తారే, మరకలు పడకుండా, అలాంటిది. పైన గుడ్డ ఎంచక్కా నవ్వుతోంది, లోపల నోరు నొక్కేసి ఉంది.

ఎవరో కావాలని చేశారు, సరే. ఎవరు? ఆ ప్రశ్న మనసులో పూర్తవకముందే ఆమె కళ్ళు షీటు మూల మీద పడ్డాయి. మూలని ముందు లోపలికి మడిచి, రెండు పక్కలనీ దాని మీదకి తెచ్చి, ఆ ముక్కు మీద మళ్ళీ చిన్న మడత. చిన్నప్పుడు బడి తెరిచే ముందు రోజు తన పుస్తకాలన్నిటికీ అక్క అట్టలు వేసేది, మూలలు సరిగ్గా ఇలాగే మడిచేది. క్లాసులో ఎవరి అట్ట ఊడినా తనది ఊడేది కాదు. ఆ మడత చూసి గర్వపడ్డ రోజులు ఎన్నో.

రెండోది దింపింది. అదే మడత. మూడోది. అదే. నాలుగోది దింపలేదు, చేతకాలేదు.

మూడు వీధుల అవతల ఉంది అక్క కొట్టు. ఎర్రటి ఎండలో, చంకలో ప్యానెల్ ఇరికించుకుని, దారిలో ఎవరు పలకరించినా పలకకుండా నడిచింది. ఎవరో అప్పటికీ అడిగారు, "ఏమ్మా, తలుపు ఊడదీసుకు పోతున్నావా" అని. ఇంకో రోజైతే గట్టిగానే బదులిచ్చేది.

అక్క పరదాలు, సోఫా గలీబులు కుడుతుంది. మొహమాటానికి ప్యాంట్లు కూడా పట్టుకుంటుంది. అప్పుడు కూడా కౌంటర్ ముందు ఒక పెద్దాయన ప్యాంటు పట్టుకుని పంచాయితీ పెట్టి ఉన్నాడు.

"నడుము బిగించేశావమ్మా నువ్వు. పోయిన నెల సరిగ్గా ఉండేది."

"ప్యాంటు అక్కడే ఉంది బాబాయ్, నువ్వే ముందుకొచ్చావు."

"అంటే తప్పు నాదంటావా?"

"నీది కాదు, మీ ఆవిడ వంటది. రెండు వేళ్ళు వదులు చేస్తాను, ఎల్లుండి రా. ఈ లోపల సాయంత్రం పూట నాలుగడుగులు నడువు, మళ్ళీ నా దగ్గరికి రావు."

పెద్దాయన గొణుక్కుంటూ వెళ్ళాడు. అక్క నవ్వుతూ తలెత్తింది, చెల్లిని చూసింది, చంకలో ప్యానెల్‌ని చూసింది. నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళలోంచి జారిపోయింది.

"భోంచేశావా చిన్నీ?"

చప్పట్లమ్మ కౌంటర్ తలుపు ఎత్తుకుని లోపలికొచ్చింది. గుడ్డలు కత్తిరించే బల్ల మీద ప్యానెల్ బోర్లించి, షీటు మూల పట్టుకుని పైకి లాగింది. ప్లాస్టిక్ కరకరమంది.

"ఇది నువ్వేనా?"

అక్క మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. అప్పటికే ఆగి ఉన్న చక్రమది.

"నేనే."

"ఎందుకక్కా?"

"ఆ దూది మంచిది కాదే. నువ్వు ఈ పనిలో చేరిన కొత్తల్లో నీ చేతులు ఎలా అయ్యాయో మర్చిపోయావా? మోచేతుల దాకా దద్దుర్లు. రాత్రంతా గోక్కునేదానివి. నేను నీ బట్టలు వేరే బకెట్లో నానబెట్టి ఉతికేదాన్ని. ఆ పీచు గుడ్డలోంచి రాలి పిల్లల ముక్కుల్లోకి పోతుందేమోనని... చిన్నపిల్లలు కదా అని... ఒక షీటు వేస్తే పోయేదేముందిలే అనుకున్నాను."

చప్పట్లమ్మకి అంతసేపూ బిగపట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టయింది. ఇంతేనా. భయం. అక్క అంటేనే భయం. వర్షం చినుకు పడితే గొడుగు పట్టుకుని బస్టాపుకి పరిగెత్తుకొచ్చే మనిషి. తనకి చెప్పకపోవడం తప్పే, కానీ ద్రోహం కాదు కదా. స్టూలు లాక్కుని కూర్చుంది. నవ్వొచ్చింది కూడా.

"పిచ్చక్కా. ఆ పీచు రాలకుండానే కదా గుడ్డ అంత చూసి ఎంచుకున్నాం. నువ్వే కదా..."

అక్కడ ఆగిపోయింది.

నువ్వే కదా. అవును. బట్టల కొట్లో ఆ రోజు ఊది చూసింది తనొక్కతే కాదు. అక్క కూడా ఊదింది. తను నాలుగు ఊదితే అక్క ఏడు ఊదింది. కొట్టువాడు విసుక్కుని, "గుడ్డ కొంటారా, చల్లారుస్తారా అమ్మా" అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఒక నీలం గుడ్డ, నెమలి మెడ రంగు, తనకి తెగ నచ్చేసింది. వద్దని పక్కన పెట్టింది అక్కే. ఏమని చెప్పి? "ఊపిరాడట్లేదు చిన్నీ, ఇది వేస్తే నీ పని మొత్తం బూడిదే" అని.

చప్పట్లమ్మ మెల్లగా తలెత్తింది.

"నీకు తెలుసు."

అక్క మిషను మీది దారం ముక్కలు ఏరసాగింది.

"నీలం గుడ్డ వద్దన్నది నువ్వు. గాలి పోకపోతే పని బూడిదని చెప్పింది నువ్వు. నీకు తెలిసే వేశావు. దద్దుర్ల కథ ఇప్పుడు అల్లావా, ముందే కుట్టి పెట్టుకున్నావా?"

"గొంతు తగ్గించు. వీధిలోకి వినపడుతుంది."

"వినపడనీ. ఈ ఊళ్ళో ఏ గోడైనా శబ్దాన్ని ఇంకనివ్వకుండా తిప్పికొడుతుందంటే అది నువ్వు కుట్టిన గోడే ఇప్పుడు."

అక్క లేచి నిలబడింది. ఒక పరదా తీసింది, మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. చివరికి దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూలబడింది.

"నలభై గదులట కదా."

చప్పట్లమ్మ స్టూలు మీంచి లేచింది.

"ఈ గది బాగా కుదిరితే, ఇలాంటి గదులు నలభై నీకే అప్పజెబుతారట, ఊరూరా. రెండేళ్ళు తిరగాలట. ఉత్తరం వచ్చి నెల దాటిందట. నీ సంచిలో లోపలి జేబులో ఉందట."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెబితేనేం. నువ్వు చెప్పలేదు."

"చెబుదామనే..."

"ఎప్పుడు? పెట్టె సర్దుకున్నాకా, రిక్షా ఎక్కాకా? ఒకే ఇంట్లో ఒకే కంచం కడుక్కుని తింటున్నాం. రోజూ పొద్దున్నే నీ టిఫిన్ డబ్బా ఆ సంచిలోనే పెడుతున్నాను. ఆ ఉత్తరం పక్కనే పెడుతున్నాను, నాకు తెలీకుండా. నువ్వు ఒక కాగితం దాచావు, నేను ఒక ప్లాస్టిక్ దాచాను."

"రెండూ ఒకటేనా అక్కా?"

"కాదు," అంది అక్క. ఆ ఒక్క మాటా నిజాయితీగా అంది. "కాదులే."

మిషను పక్కన కత్తిరింపు ముక్కలు ఫ్యాను గాలికి అటూ ఇటూ దొర్లుతున్నాయి.

"వెళ్ళొద్దని ఒక్క మాట అంటే ఆగిపోయేదాన్ని కదా," అంది చప్పట్లమ్మ.

"అదే నా భయం. అంటే ఆగుతావు. ఆగి, ఆ నలభై గదులూ లెక్కపెట్టుకుంటూ జన్మంతా నా ఎదురుగా కూర్చుంటావు. అన్నం పెడితే తింటావు, ఏమైందే అంటే ఏం లేదంటావు. నేనది చూడలేను. అదే గది దానంతట అదే కుదరకపోతే నీ తప్పుండదు, నా తప్పుండదు. గోడ తప్పు. ఇద్దరం కలిసి గోడని తిట్టుకునేవాళ్ళం."

"మధ్యలో పదకొండు మంది పిల్లలున్నారు. రేపటి నుంచి వెనక బెంచీల్లో కూర్చుని పెదాలు కనపడక, మాట తెలీక, అందరూ నవ్వితే ఎందుకో తెలీకుండా నవ్వుతారు. వాళ్ళు ఒక్కసారి కూడా గుర్తు రాలేదా నీకు?"

"వచ్చారు. నాలుగోది కుడుతుంటే చేతులు ఆడలేదు. ఆపేశాను. రెండు రోజులు ముట్టుకోలేదు."

"మరి?"

అక్క కళ్ళు దించుకుంది. "మళ్ళీ మొదలెట్టాను."

ఎందుకు మొదలెట్టిందో అడగాల్సింది చప్పట్లమ్మ. అడగలేదు. కోపం వచ్చిన మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి. ఆమె గోడ గడియారం వంక చూసింది. రెండున్నర. రేపు పదింటి దాకా ఎన్ని గంటలో వేళ్ళ మీద లెక్కేసింది.

"ఇరవై నాలుగూ విప్పాలి. షీట్లు పీకి మళ్ళీ మూయాలి. నీతో మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి, అవి ఎల్లుండి. ఇప్పుడు చేస్తావా, చెయ్యవా?"

అక్క ముక్కు తుడుచుకుని కత్తెర అందుకుంది. "నువ్వు పిన్నులు పీకు, నేను షీట్లు తీస్తాను. మూయడం నా కంటే త్వరగా ఎవరు మూస్తారు? రిక్షా మాట్లాడి అన్నీ ఇక్కడికే తెప్పించు. ఇంకో పట్టకారు వెనక గదిలో ఉంది, పై అరలో, గుండీల డబ్బా వెనకాల."

చప్పట్లమ్మ పరదా తొలగించుకుని వెనక గదిలోకి వెళ్ళింది. ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది, కానీ లోపలెక్కడో ఒక ముడి వదులైంది. అక్క తప్పు చేసింది, ఒప్పుకుంది, కత్తెర పట్టుకుంది. చేతులు నాలుగు, ప్యానెళ్ళు ఇరవై నాలుగు. అవుతుంది. తప్పకుండా అవుతుంది. అరమీద చెయ్యి పెట్టి తడుముతుంటే ముందు గదిలో చెప్పుల చప్పుడు, ఆ వెంటనే బాగా తెలిసిన గొంతు, కాస్త పెద్దగా. తన గొంతు ఎంత పెద్దదో తనకే సరిగ్గా తెలియని మనిషి గొంతు.

"అక్కయ్యా, మీ చెల్లి పొద్దుట్నుంచీ బెలూన్లు పగలగొడుతోందట, ఆఫీసులో గుమాస్తా చెప్పాడు. తనకి అనుమానం రాలేదుగా?"

టీచరమ్మ.

చప్పట్లమ్మ చెయ్యి గుండీల డబ్బా మీదే ఆగిపోయింది. ఏ గదిని నిలబెట్టాలని తను రెండు నెలలుగా నిచ్చెనలెక్కుతోందో ఆ గది మనిషి. ప్రతి సాయంత్రం తనకి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "నీ రుణం తీర్చుకోలేనమ్మా" అనే మనిషి.

అక్క జవాబు వినపడలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. మనిషి ఉంది, ప్రశ్న ఉంది, జవాబు లేదు. పరదా సందులోంచి చూసింది. టీచరమ్మ కౌంటర్ దగ్గర ఇటు తిరిగి నిలబడింది, మొహం స్పష్టంగా కనపడుతోంది. అక్క వీపు మాత్రమే ఇటువైపు ఉంది. కానీ బట్టలు తొడిగి చూసుకునే నిలువుటద్దం ఎదురు గోడకి ఉంది కదా, అందులో అక్క మొహం మొత్తం కనపడుతోంది. పెదాలు కదులుతున్నాయి. గొంతు లేదు.

టీచరమ్మకి గొంతు అక్కర్లేదు, పెదాలు చూస్తే చాలు. రెండు నెలలు ఆ పిల్లల మధ్య తిరిగిన చప్పట్లమ్మకి కూడా కాస్త పట్టుబడింది ఆ విద్య. భోజనాల వేళ పిల్లలు ఆటగా నేర్పారు. అద్దంలో అక్క పెదాలు ఒక్కో మాటా విడదీసి, నింపాదిగా అంటున్నాయి.

లోపల ఉంది. షీట్ల సంగతి తెలిసింది. మీ పేరు చెప్పలేదు. వెళ్ళిపోండి.

ఇంతకు ముందు ఈ కొట్లో విన్న మాటలన్నీ, ఆ పరదా మడతలు, ఆ కళ్ళు దించుకోవడం, అన్నీ వేరే రంగులో కనపడ్డాయి ఇప్పుడు. ఉత్తరం సంగతి అక్కకి చేరవేసింది ఎవరో, నాలుగో ప్యానెల్ దగ్గర ఆగిన చేతుల్ని మళ్ళీ కదిలించింది ఎవరో, ఇక అడగక్కర్లేదు. తనతో అంతసేపు ఏడ్చిన అక్క, కత్తెర పట్టిన అక్క, ఇంకా అబద్ధం మీదే నిలబడి ఉంది.

పరదా తోసుకుని బయటికొచ్చింది. అక్క ఉలిక్కిపడి తిరిగింది. చప్పట్లమ్మ అక్కని చూడలేదు. తిన్నగా టీచరమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడి, గొంతెత్తకుండా, వాళ్ళ పద్ధతిలోనే, పెదాలతో ఒక్కటే అడిగింది.

ఎందుకు?

టీచరమ్మ మొహం పాలిపోయింది. తలుపు వంక చూసింది. పారిపోతుందనుకుంది చప్పట్లమ్మ. పారిపోలేదు. కౌంటర్ తలుపు ఎత్తుకుని లోపలికొచ్చి, బల్లమీద విప్పి ఉన్న ప్యానెల్ పక్కన నిలబడింది. రాతి దూది మీద చెయ్యి వేసింది, నిద్రపోతున్న పిల్ల మీద వేసినట్టు.

"మీ అక్కని ఏమనకు," అంది. "ఆమెకి నువ్వు ఊళ్ళో ఉంటే చాలు, గది ఏమైనా ఆమెకి పట్టదు. ఆ గది బాగుపడకూడదని కోరుకున్నది నేను. షీటు కొని తెచ్చింది కూడా నేనే."

"మీ పిల్లలు టీచరమ్మా. మీ పదకొండు మంది."

"వాళ్ళ కోసమే. ఒక్కటి చెప్తాను, విన్నాక నువ్వే ఆ షీట్లు మళ్ళీ లోపల పెట్టేస్తావు. కానీ నా గొంతు నా చెవిన పడుతుంటే ఆ మాట నేను పలకలేను."

కుడి చెవి వెనక నుంచి యంత్రం తీసి బల్లమీద పెట్టింది. ఎడమది తీసింది, దాని పక్కనే పెట్టింది. రెండూ ఒక్క క్షణం సన్నగా కీచుమన్నాయి, ఒక్కొక్కటిగా ఆపేసింది. తర్వాత తన రెండు చేతుల్లోకి చప్పట్లమ్మ చేతులు తీసుకుని, ఆమె కళ్ళలోకే చూస్తూ, ఊపిరి పీల్చుకుంది.

వెనక నుంచి అక్క అరిచింది, "వద్దు టీచరమ్మా, అది మాత్రం చెప్పొద్దు."

టీచరమ్మకి వినపడలేదు. చెప్పడం మొదలుపెట్టింది. అదేమిటో వచ్చేవారం.